చెట్టెక్కి కొమ్మలు కోసే పని: ఏ సామాను కొనాలి, ఎలా చూసుకోవాలి?

వీడియో మొత్తం చూసే టైమ్ లేనివాళ్ల కోసం, చూశాక తీరిగ్గా మళ్లీ చదువుకుందాం అనుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది ఇక్కడ రాతలో పెడుతున్నాం.

ఈరోజు టాపిక్ చెట్లు కోసే పని. అడవిలో కలప కొట్టడం కాదు. ఊళ్లో, ఇళ్ల మధ్య, కరెంటు తీగల పక్కన, కాంపౌండ్ వాల్ మీదికి వాలిన చెట్టెక్కి, ఒక్కో కొమ్మనీ జాగ్రత్తగా కోసి కిందికి దించే పని. బయటి దేశాల్లో ఈ పని చేసేవాళ్లని ట్రీ సర్జన్ అనో ఆర్బరిస్ట్ అనో అంటారు. దానికి ట్రైనింగ్, సర్టిఫికెట్లు ఉంటాయి. మన దగ్గర మాత్రం ఒక మిషన్, ఒక తాడు, ఇద్దరు మనుషులు ఉంటే పని మొదలైపోతుంది.

పనికి కొదవ లేదు. హైదరాబాద్‌లో ఒక్క గాలివాన వస్తే చాలు, గుల్‌మొహర్ చెట్లు రోడ్డుకి అడ్డంగా పడిపోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చెట్లు తొలగిస్తే తప్ప రోడ్డు కనిపించని పరిస్థితి. అందుకే చాలామంది తమ్ముళ్లు ఫోన్‌లో ఆన్‌లైన్ షాపింగ్ యాప్ ఓపెన్ చేసి, ఒక చైన్ సా ఆర్డర్ పెట్టి, ఈ పనిలోకి దిగుతున్నారు. మిషన్ ఇంటికొస్తుంది సరే, దాంతోపాటు ప్రాణం కాపాడే సామాను రాదు కదా. ఆ సామాను గురించే ఈ ఎపిసోడ్.

డబ్బు తక్కువ ఉంటే ఏది ముందు కొనాలి?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. అందరూ చేసేది కూడా ఒకటే: ఉన్న డబ్బంతా పెట్టి పెద్ద మిషన్ కొంటారు, మిగిలినదాంతో హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు కొంటారు, హెల్మెట్‌కి బైక్‌ది సర్దుకుంటారు.

దీన్ని తిరగేయండి. ముందు మనిషి మీద వేసుకునేవి, తర్వాత చెట్టుకి కట్టుకునేవి, చివరికి మిషన్. మిషన్ కావాలంటే మొదట్లో రోజు అద్దెకి దొరుకుతుంది. హెల్మెట్, తాడు, బెల్టు మాత్రం అద్దెకి తీసుకోకండి, సెకండ్ హ్యాండ్‌లో కొనకండి. పాత మిషన్ పాడైతే ఆగిపోతుంది, అంతే. పాత తాడుకి ఇంతకుముందు ఏం జరిగిందో మీకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

తల నుంచి కాలి దాకా

హెల్మెట్‌తో మొదలుపెడదాం. బైక్ హెల్మెట్ ఈ పనికి పనికిరాదు. బరువెక్కువ, వినపడదు, పైకి చూడలేం. కింద నిలబడి పని చేసేవాళ్లకి ఐఎస్ 2925 మార్క్ ఉన్న ఇండస్ట్రియల్ హెల్మెట్ చాలు. చెట్టెక్కేవాళ్లకి గడ్డం కింద పట్టీ గట్టిగా పట్టే హెల్మెట్ కావాలి, ఎందుకంటే తల వంచినా, తలకిందులైనా అది ఊడకూడదు. పెద్ద దెబ్బ ఒక్కటి తగిలితే, బయటికి పగులు కనిపించకపోయినా, ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పక్కన పడేయాలి.

కళ్లకి జాలీ ఒక్కటే సరిపోదు, లోపల కళ్లద్దాలు కూడా పెట్టుకోండి. సన్నటి పొట్టు జాలీలోంచి దూరుతుంది. చెవులకి ఇయర్ మఫ్స్. పెట్రోల్ చైన్ సా శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. రోజంతా పని చేసేచోట 85 డెసిబెల్స్ దాటితేనే చెవులకి రక్షణ కావాలంటారు. చెవుడు ఒక్కరోజులో రాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. వచ్చాక మాత్రం వెనక్కి పోదు.

ఇప్పుడు ప్యాంటు. చైన్ సా ప్యాంటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. పైగుడ్డ లోపల పొడవాటి దారాల పొరలు ఉంటాయి. తిరిగే చైన్ తగలగానే ఆ దారాలు బయటికి వచ్చి, మిషన్ స్ప్రాకెట్‌లోకి చుట్టుకుపోయి, చైన్‌ని ఆపేస్తాయి. ఇందులో క్లాసులు ఉంటాయి: క్లాస్ 1 అంటే సెకనుకి 20 మీటర్ల వేగంతో తిరిగే చైన్‌తో టెస్ట్ చేసింది, క్లాస్ 2 అంటే 24 మీటర్లు, క్లాస్ 3 అంటే 28 మీటర్లు. ముందువైపు మాత్రమే రక్షణ ఉన్నది టైప్ ఏ. చుట్టూ రక్షణ ఉన్నది టైప్ సి. చెట్టెక్కేవాళ్లకి కాలు ఎటు తిరిగి ఉంటుందో చెప్పలేం కాబట్టి టైప్ సి మంచిది.

"అన్నా, మన ఎండల్లో అంత మందం ప్యాంటు వేసుకుంటే చచ్చిపోతాం" అంటారు. నిజమే, వేడిగానే ఉంటుంది. అందుకే కింద పని చేసేవాళ్లు మామూలు ప్యాంటు మీద కట్టుకునే చాప్స్ వాడొచ్చు, పని అయ్యాక విప్పేయొచ్చు. ఎండాకాలంలో పొద్దున్నే 6 గంటలకి మొదలుపెట్టి 10కల్లా మిషన్ పని ముగించేయండి. ఒక్కసారి చైన్ తగిలి దారాలు బయటికి వచ్చిన ప్యాంటుని కుట్టించి మళ్లీ వేసుకోవద్దు. ఉతికేటప్పుడు బ్లీచింగ్ వద్దు, ఇస్త్రీ వద్దు. లోపలి దారాలు కరిగినా, అతుక్కున్నా అది ఉత్త ప్యాంటే.

కాళ్లకి చెప్పులతో ఈ పని చేయొద్దు. ముందు స్టీల్ క్యాప్, కింద పట్టు ఉన్న బూట్లు కావాలి.

తాడు, బెల్టు: ఇక్కడ కక్కుర్తి వద్దు

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు తరతరాలుగా మోకుతో ఎక్కుతున్నారు. వాళ్ల ఒడుపు వేరే లెవెల్. అయినా పడిపోయి ప్రాణాలు పోయినవాళ్లు, నడుములు విరిగి మంచాన పడ్డవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో వాళ్లకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి చెట్లెక్కేవాళ్లకే కిట్ కావాలంటే, నిన్నకాక మొన్న ఈ పనిలోకి వచ్చినవాళ్ల సంగతి చెప్పాలా?

తాడు కొనేటప్పుడు ఈ నాలుగు చూడండి. ఒకటి, లోపల గుజ్జు, పైన అల్లిక తొడుగు ఉన్న తాడు కావాలి. రెండు, మందం 11 నుంచి 13 మిల్లీమీటర్లు ఉండాలి. మూడు, సాగడం తక్కువ ఉండాలి. నాలుగు, దాని మీద ఈఎన్ 1891 టైప్ ఏ లాంటి స్టాండర్డ్ రాసి ఉండాలి. ఆ స్టాండర్డ్ ప్రకారం తాడు కనీసం 22 కిలోన్యూటన్లు మోయాలి. అంటే సుమారు 2,200 కిలోలు. "నేనుండేది 70 కిలోలే కదా" అనుకోకండి. ముడి వేస్తే తాడు బలం మూడో వంతు దాకా తగ్గిపోతుంది. జారి పడితే పడే కుదుపు మీ బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా తాడు రోజురోజుకీ అరుగుతుంది. అందుకే ప్రాణానికి వాడే తాడుకి పది రెట్ల మార్జిన్ చూసుకుంటారు.

హార్డ్‌వేర్ షాపులో తూకానికి అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ తాడు సామాన్లు కట్టుకోవడానికే. ఎండకి పెళుసెక్కిపోతుంది, రాపిడికి పుట్టే వేడికి కరుగుతుంది.

బెల్టు దగ్గర ఇంకో కన్‌ఫ్యూజన్. బిల్డింగ్ సైట్లలో వాడే ఫుల్ బాడీ బెల్టు, అంటే ఐఎస్ 3521 మార్క్‌ది, పడితే ఆపడానికి చేసింది. కొక్కెం వీపు వెనక ఉంటుంది. దాంట్లో వేలాడుతూ పని చేయలేం. చెట్టుకి కావాల్సింది నడుముకి, తొడలకి పట్టి, ముందువైపు తాడు తగిలించుకునే బెల్టు. దాంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని రెండు చేతులతో పని చేసుకోవచ్చు. ఒక్క షరతు: ఇది పడ్డాక ఆపడానికి చేసింది కాదు, పడకుండా ఉండటానికి చేసింది. కాబట్టి తాడు కట్టిన చోటు ఎప్పుడూ మీ తలకంటే పైన ఉండాలి, తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి.

కొక్కేలు, అంటే కారబినర్లు, తిప్పి-నెట్టి-తెరిచే ఆటో లాక్‌వి తీసుకోండి. కీచైన్‌లా కనిపించే అల్యూమినియం క్లిప్పుల మీద లోడ్ రాసి ఉండదు. లోడ్ రాయని దాని మీద వేలాడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన రూల్ ఇది, గుర్తుపెట్టుకోండి: పైన మిషన్ స్టార్ట్ చేసే ముందు రెండు కట్లు ఉండాలి. ఒకటి పైనుంచి వచ్చే మెయిన్ తాడు, రెండోది కొమ్మ చుట్టూ తిప్పి నడుముకి రెండు వైపులా తగిలించుకునే పొట్టి తాడు. చైన్ సాకి కొమ్మకీ తాడుకీ తేడా తెలియదు. బిగువుగా ఉన్న తాడుకి చైన్ అలా తగిలితే చాలు, క్షణంలో తెగిపోతుంది. రెండోది ఉంటే బతుకుతారు.

తాడు చెకింగ్ చాలా సింపుల్. ఎక్కే ముందు మొత్తం తాడుని అడుగు అడుగూ చేతివేళ్ల మధ్య నుంచి పోనివ్వండి. ఎక్కడైనా మెత్తగా అనిపించినా, ఉబ్బినా, గట్టిపడినా, పైతొడుగు తెగి లోపలి తెల్ల గుజ్జు కనిపించినా ఆ తాడు రిటైర్. దాన్ని ముక్కలుగా కోసి పడేయండి, లేకపోతే రేపు ఎవరో ఒకరు దాన్నే పట్టుకుని ఎక్కుతారు. మురికైతే నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరేయాలి. ఆటో డిక్కీలో పెట్రోల్ డబ్బా పక్కన, పాత బ్యాటరీ పక్కన తాడు చుట్ట పెట్టొద్దు. బ్యాటరీ యాసిడ్ తగిలిన తాడు చూడటానికి బాగానే ఉంటుంది, లోపల ఏమీ మిగలదు.

కొమ్మలు దించడానికి వాడే తాడు వేరే ఉండాలి. రంగు కూడా వేరే తీసుకోండి, కలిసిపోకుండా. పచ్చి కొయ్య బరువుని అందరూ తక్కువ అంచనా వేస్తారు. 30 సెంటీమీటర్ల అడ్డకొలత, ఒక మీటర్ పొడవు ఉన్న పచ్చి మొద్దు సుమారు 70 కిలోలు ఉంటుంది. అంటే ఒక మనిషి. అది గాల్లో జారి తాడు మీద పడితే ఆ కుదుపు ఎంతుంటుందో ఊహించుకోండి. ఆ కుదుపు తిన్న తాడుని మళ్లీ మనిషికి కట్టకూడదు.

మిషన్ ఏది తీసుకోవాలి?

ఆన్‌లైన్‌లో "58 సీసీ, 22 ఇంచ్" అని పెద్ద అంకెలు చూసి పడిపోకండి. కొమ్మలు కోయడానికి 12 నుంచి 16 అంగుళాల బార్ చాలు. బార్ పొడవు పెరిగే కొద్దీ బరువు పెరుగుతుంది, మొన మీ కంటికి కనపడకుండా ఇంకేదో తాకే ఛాన్స్ పెరుగుతుంది.

ఆ మొనే అసలు విలన్. బార్ మొన పైభాగం కొయ్యకి తగిలితే మిషన్ ఒక్కసారిగా మీ ముఖం వైపు ఎగురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. చెయ్యి అడ్డం పెట్టే టైమ్ ఉండదు. అందుకే కొనేటప్పుడు ముందు చూడాల్సింది సీసీ కాదు, చైన్ బ్రేక్. ముందున్న హ్యాండ్ గార్డ్‌ని ముందుకి నెడితే చైన్ టక్కున ఆగాలి. రెండోది, గొలుసు తెగితే పట్టుకునే చైన్ క్యాచర్ ఉందా? మూడోది, మీ ఊళ్లో, కనీసం మీ జిల్లా కేంద్రంలో దానికి స్పేర్లు, సర్వీస్ దొరుకుతాయా? స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీలవి ఖరీదెక్కువే, కానీ డీలర్ ఉన్నచోట సామాను దొరుకుతుంది. పేరు లేని మిషన్‌కి పది రోజుల్లో చిన్న పార్ట్ పోతే సీజన్ అంతా పోతుంది.

పైన ఒకటే హ్యాండిల్ ఉండే చిన్న మిషన్లు ఉంటాయి, టాప్ హ్యాండిల్ అంటారు. అవి తాడు మీద వేలాడే ట్రైనింగ్ ఉన్నవాళ్ల కోసం. చూడటానికి ఒక్క చేత్తో పట్టుకోవచ్చు అనిపిస్తుంది. పట్టుకోవద్దు. ఏ చైన్ సా అయినా రెండు చేతులు, ఎడమ బొటనవేలు హ్యాండిల్ చుట్టూ మడిచి ఉండాలి.

ఇంకో మాట. చేతి మణికట్టు అంత కొమ్మలకి మిషనే వద్దు. వంపు తిరిగిన మంచి చేతి రంపం, లాగితే తెగేది, పైన చాలా పని చేస్తుంది. శబ్దం లేదు, కిక్‌బ్యాక్ లేదు.

బ్యాటరీ మిషన్లు కూడా ఇప్పుడు బాగున్నాయి. పొగ లేదు, కార్బురేటర్ గొడవ లేదు. కానీ శబ్దం లేదు కదా అని అది ఆఫ్‌లో ఉందనుకునే ప్రమాదం ఉంది. చేతులు మారేటప్పుడు బ్యాటరీ తీసేయండి. ఎండలో నిలిపిన బండిలో బ్యాటరీలు వదిలేయకండి, వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే చార్జింగ్ పెట్టండి.

పెట్రోలు, ఆయిలు: మిషన్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే

టూ స్ట్రోక్ మిషన్‌కి పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటర్‌కి 20 మి.లీ. 25:1 అని ఉంటే 40 మి.లీ. "కొంచెం అటూ ఇటూ" అని మూతతో పోయకండి, కొలత సీసా వాడండి. కారు ఇంజన్ ఆయిల్ కలపొద్దు.

ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. చాలా చైన్ సా మాన్యువల్స్‌లో 10 శాతం వరకే అని రాసి ఉంటుంది. మీ మాన్యువల్ తీసి ఒకసారి చూడండి, డీలర్‌ని అడగండి. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి దిగిపోతాయి. ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచి. అంటే ఇంజన్‌కి ఆయిల్ లేని ద్రవం వెళుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. వానాకాలంలో "నిన్నటిదాకా బాగానే ఉందన్నా" అనే కేసులకి ఇది ఒక కారణం. మార్గం ఏంటంటే, రెండు మూడు రోజులకి సరిపడా మాత్రమే కలపండి, మూత గట్టిగా పెట్టండి, సీజన్ అయిపోతే ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి దాచండి.

బార్‌కి పోసే చైన్ ఆయిల్ జిగటగా ఉంటుంది, అందుకే చైన్‌ని అంటిపెట్టుకుంటుంది. చాలామంది మెకానిక్ షాపు నుంచి తెచ్చిన వాడేసిన ఇంజన్ ఆయిల్ పోస్తారు. అందులో ఇనుప రజను ఉంటుంది, పంపుని తినేస్తుంది. పైగా అది మీ చేతుల మీద, ముఖం మీద చిందుతుంది. చర్మానికి మంచిది కాదు, క్యాన్సర్ కారకాలు ఉంటాయి. ఆ పొదుపు వద్దు.

పదును: రోజూ పది నిమిషాలు

చైన్ పదునుగా ఉందో లేదో పొట్టు చూసి చెప్పొచ్చు. ముక్కలు ముక్కలుగా వస్తే పదునుంది. పిండిలా వస్తే మొద్దుబారింది. మొద్దుబారిన చైన్‌తో మీరు మిషన్‌ని నొక్కుతారు, నొక్కితే చేతులు అలిసిపోతాయి, అలిసిన చేతుల నుంచే మిషన్ జారుతుంది.

మన దగ్గర చైన్‌ని తినేసేవి రెండు. ఒకటి చింత, తుమ్మ లాంటి గట్టి కొయ్య. రెండోది రోడ్డు పక్క చెట్లకి కొట్టిన మేకులు. ట్యూషన్ బోర్డు, టులెట్ బోర్డు ఊడిపోయినా మేకు లోపలే ఉండిపోతుంది, చుట్టూ బెరడు పెరిగిపోతుంది. కోసే ముందు మాను చుట్టూ ఒకసారి చూడండి, నల్లటి మచ్చ ఉంటే అనుమానించండి.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. సైజు చైన్‌ని బట్టి: చిన్న మిషన్లకి వచ్చే 3/8 లో ప్రొఫైల్ చైన్‌కి 4 మి.మీ., .325 చైన్‌కి 4.8 మి.మీ. చాలా చైన్లకి 30 డిగ్రీల వాలు, ముందుకి నెట్టేటప్పుడే రాపిడి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక రెండో వైపు. ప్రతి పంటికీ ఒకే లెక్క, మూడంటే మూడు. లెక్క తప్పితే మిషన్ ఒక పక్కకి లాగుతూ వంకరగా కోస్తుంది. నాలుగైదు సార్లు పదును పెట్టాక పంటి ముందుండే చిన్న బొడిపెని కూడా గేజ్ పెట్టి చూడాలి. చాలా చైన్లకి అది పంటి కంటే 0.65 మి.మీ. కిందికి ఉండాలి. తొందరగా తెగుతుందని దాన్ని మరీ అరగదీస్తే కిక్‌బ్యాక్ పెరుగుతుంది.

చైన్ బిగువు: చల్లగా ఉన్నప్పుడు, గ్లవ్స్ వేసుకుని చేత్తో లాగితే సులువుగా తిరగాలి, కింద వేలాడకూడదు. కొత్త చైన్ సాగుతుంది, మొదటి గంటలో రెండు మూడు సార్లు చూడండి. బార్‌ని అప్పుడప్పుడు తిరగేసి బిగించండి, రెండు వైపులా సమంగా అరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ సాయంత్రం తీసి దులపండి.

కొన్ని పనులు సామానుతో తీరేవి కావు

బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్లతో బతికే చెట్టు ఎక్కొద్దు. పూర్తిగా తీసేయబోయే చెట్టుకే అవి. ప్రతి అడుగూ ఒక గాయం, గాయంలోంచి తెగులు. కొబ్బరి, తాటి చెట్లకైతే ఆ గాయం ఎప్పటికీ మానదు.

2021లో తెలంగాణ అంతటా వేప చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోవడం చూశాం కదా. అది ఫంగస్ తెగులు. ఎండిన కొమ్మలు తీసేటప్పుడు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లే ముందు రంపాన్ని స్పిరిట్‌తో తుడవండి. బార్, చైన్ అయితే మిషన్ ఆపి, చల్లారాకే.

కరెంటు తీగ దగ్గరుంటే ఎంత మంచి గ్లవ్స్ అయినా కాపాడవు. పచ్చి కొమ్మ, అల్యూమినియం నిచ్చెన, తడిసిన తాడు అన్నీ కరెంటు మోస్తాయి. లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ తీసుకున్నాకే ఎక్కండి. "ఐదు నిమిషాల పనే" అనే ఓనర్ మాట వినొద్దు. చెట్టు మొత్తం తీసేయాలంటే వాల్టా చట్టం ప్రకారం పర్మిషన్ కావాలి, అది ఉందో లేదో కూడా ముందే అడగండి.

ఒక్కరే వెళ్లొద్దు. బెల్టులో కదలకుండా స్పృహ లేకుండా వేలాడితే నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగే పని కాదు. కింద ఉన్నవాడికి పైకెక్కి దించడం రావాలి, అతనికి ఇంకో సెట్ తాడు, బెల్టు ఉండాలి. సామాను లిస్టులో రెండో సెట్ కూడా లెక్కే.

ఓనర్ బేరమాడితే ఇదంతా చూపించండి. రేటు ఎందుకు ఎక్కువో అడిగితే తాడు చూపించి చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ పని వదిలేయండి, ఇంకో చెట్టు దొరుకుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో ముళ్లు, ముడుల గురించి, అంటే ఏ ముడి ఎక్కడ వేయాలో తాడు పట్టుకుని చూపిస్తాం. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఈ పని చేస్తుంటే ఇది వాళ్లకి పంపండి. ఉంటాం మరి.